తల్లి పోసిన ఇంటికి టీకా పట్టుకొని

డాక్టరు చదువుకు పోతున్నవు గదా బిడ్డా, గీ ముచ్చట నువ్వు వినాల్సిందే. ఆ పిడకను జర మంటలకు నూకి కూసో.

మా చిన్నతనంల ఇంట్ల ఎవలకన్న తల్లి పోసిందంటే, అదే మశూచి ఒస్తే, దర్వాజకు వేపమండలు కడుతుండిరి. ఆ ఇంట్ల తాలింపు పెట్టేది లేదు, కూరల కారమేసేది లేదు. పిల్లగాన్ని వేపాకుల మీద పండవెట్టి, పసుపునీళ్లు చల్లుకుంట కూసునేది. మందు మాట ఎత్తితే పోచమ్మ తల్లికి కోపమొస్తదని భయం. బయటి మనిషిని గడప తొక్కనియ్యకపోదురు. గది మాత్రం మంచి పనే. రోగం ఇల్లు దాటకుండ ఆపేటందుకు తర్వాత మా టీకాల శాఖోళ్లు చెప్పింది గూడ గదే, కాకపోతే సర్కారు భాషల చెప్పిన్రు.

1962ల సర్కారు దేశమంత మశూచి నిర్మూలన పని షురూ చేసింది. నేను టీకాలేసే నౌకరిల చేరిన కొత్తల మా చేతిల గుండ్రటి పండ్ల చక్రం ఉండె. భుజానికి ఆనించి గిర్రున తిప్పితే తోలు గీరుకపోయి, పుండయి, జెరమొస్తుండె. మా సైకిలు కనవడితే పిల్లలు గడ్డివాముల ఎనుక దాసుకుందురు. తర్వాత రెండు మొనల సూది ఒచ్చింది. మందుల ముంచి 15 పోట్లు పొడిస్తే అయిపాయె. మందు హైదరాబాదులనే తయారయితుండె, దూడల తోలు మీద పెంచి.

అసలు తకరారు ఆ దూడ కాడనే ఒచ్చేది.

మాతోని ఒకాయన ఉండె, మస్తు హుషారు, దూడ ముచ్చటే ఎత్తకపోతుండె. ఊళ్లె కాలు వెట్టంగనే ఇంత బొట్టు పెట్టుకొని, "రాత్రి పోచమ్మ నా కలలకొచ్చింది, నా బిడ్డలకు టీకా ఎయ్యిపో అన్నది" అని చాటుతుండె. ఆడోళ్లు దండం పెట్టి మరీ చేతులు జాపుతుండిరి. పొద్దూకే యాళ్లకు ఆయన రిజిస్టరు నిండుతుండె. ఆఫీసర్లేమో ఆయనను చూసి నేర్చుకోండ్రి అని మమ్ముల తిట్టేటోళ్లు. నాకైతే ఆ తెలివి రుచించలే. టీకా పని చేస్తది, కాదన. కానీ ఆ ఆడోళ్లు ఒప్పుకున్నది టీకాకు కాదు గదా, కలకు.

గిసొంటి కత ఆయన పుట్టించింది గాదు. నౌకరి ఇడిశినంక పుస్తకాలు చదువుతుంటే తెలిసింది. మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర లేడా? తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది గాదు, దక్షిణాది భాషల కుటుంబంల బిడ్డ అని 1816ల అచ్చుల చెప్పిన పండితుడు. ఆయన గూడ టీకా కోసమని తమిళంల ఒక పురాణం అల్లిండు. అమ్మవారూ ధన్వంతరీ మాట్లాడుకున్నట్టు, ఆవు పొదుగు నుంచి కొత్త అమృతం పుట్టినట్టు. అంత చదువుకున్నోడు గూడ జనానికి నిజం చెప్తే అరగదనుకున్నడు! మొదలు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది.

సిద్దిపేట దిక్కు ఒక ఊళ్ల, నీసు ముట్టని ఇంటి ముసలమ్మ నన్ను గడప కాడనే నిలవెట్టి అడిగింది: "అయ్యా, గీ మందు దేంతోని చేస్తరు?"

చెప్పిన. దూడ తోలు గీరి, అక్కడ పుండు లేపి, ఆ పుండుల నుంచి తీస్తరమ్మా అని.

తలుపేసుకున్నది.

మా సూపర్‌వైజరు నా మీద ఇంతెత్తు లేశిండు. పాల మందు అంటే నీ సొమ్మేం పోతుండె అన్నడు. ఆ ఇంట్ల ఒక మనుమనికి అప్పటికే తల్లి పోసి ఉండె. వానికి ఇగ టీకాతోని పని లేదు. రోగం సోకిన మూడు నాలుగు రోజుల లోపల ఏస్తేనే అక్కరకొస్తది. మా తండ్లాటంత ఆ ఇంట్ల మిగిలిన పిల్లల కోసం.

తెల్లారి పోచమ్మకు పూజ చేసే కుమ్మరాయనను ఎంటవెట్టుకొని పోయిన. ఆయన ఆమెకు కలలు చెప్పలే, శాస్త్రం చెప్పలే. "అవ్వా, తల్లి ఒచ్చినంక సాక పోసి, చల్లగ పోయిరా అని సాగనంపుతం గదా. సాగనంపుడు ఎదిరించుడు అయితదా?" అన్నడు. మా ట్రైనింగుల గిసొంటి మాట ఎవలూ నేర్పలే. ముసలమ్మ శానసేపు ఆలోచన చేసి, ఇంట్ల మాత్రం వద్దన్నది. గుడి కాడ సాక పోసినంకనే పిల్లలకు ఎయ్యాలన్నది. గట్లనే ఏసిన. ఆమె చెయ్యి మాత్రం ఇయ్యలే. "దూడ పాపం నాకొద్దు, పిల్లలది నేను మోస్త" అన్నది. రిజిస్టర్ల ఆమె పేరు ముందట 'నిరాకరణ' అని రాసుకొని ఒచ్చిన.

గిది అల్కటి ముచ్చట. కష్టమైనది ఉత్తరాన జరిగింది. 1974ల టాటానగర్ల మశూచి అంటుకున్నది. రైలెక్కినోడల్ల రోగాన్ని మోసుకపోతుండె. టాటానగర్ ఉన్న సింగ్‌భూం దిక్కు హో తెగ పెద్దమనిషి ఒకాయన, రోగం ఇచ్చేది తీసుకునేది దేవుడే, టీకా వద్దన్నడు. నడిరాత్రి డాక్టర్లు, పోలీసులు పోయి తడక తలుపు ఇరగ్గొట్టిన్రు. ఆయన గొడ్డలి పట్టుకొని ఉరికిండు. కింద పడేసి ఒత్తిపట్టి టీకా పొడిచిన్రు. ఆయన పెండ్లాం ఒక డాక్టరు చెయ్యి కొరికింది. పిల్లలతో సహా ఎవ్వలినీ ఇడువలే. అంత అయినంక ఆ పెద్దమనిషి ఏం చేసిండంటవు? తోటలకు పోయి, తీగెకు మిగిలిన ఒక్క దోసకాయ తెంపుకొచ్చి, తన పెండ్లాం కొరికిన ఆ డాక్టరు చేతిల పెట్టిండు. అడ్డుకునుడు నా ధర్మం, అడ్డుకున్న. మీ ధర్మం మీరు చేసిన్రు. ఇప్పుడు మీరు నా ఇంటికొచ్చిన సుట్టాలు అన్నట్టు చెప్పిండట.

గిదంత రాసింది లారెన్స్ బ్రిలియంట్ అనే అమెరికా డాక్టరు. ఆయన నీమ్ కరోలీ బాబా శిష్యుడు. పొమ్మని బాబా చెప్తేనే మశూచి పనిల చేరిండు. అంటే తలుపుకు రెండు దిక్కులా దేవుని మాట మీద నిలవడ్డోళ్లే!

1975 మే నెల తర్వాత మన దేశంల మశూచి కానరాలే. 1980ల లోకంలనే లేదన్నరు. ఆ రాత్రి పొడిచిన సూదులకు గూడ అందుల పాలు ఉన్నది. ఆ తలుపు కాడ నేనుంటే ఇరగ్గొట్టనిస్తుంటినో లేదో ఇప్పుడు మంట కాడ కూసుండి చెప్పుడు అల్కగనే ఉంటది, అందుకే చెప్ప. కానీ మీ కాలేజీల గీ ముచ్చట ఒస్తే మీ సార్లను ఒక్కటడుగు బిడ్డా: పోలీసులను ఎంటవెట్టుకొని పోతే దాన్ని వైద్యమనాల్నా, బందోబస్తనాల్నా?