కదలక వలస వచ్చిన ఊళ్లు

కదలకుండనే పరరాష్ట్రమునకు చేరినవారమును మనలో కలము. లక్కడ్‌కోట్ ఉన్న రాజూరా తాలూకా మునుపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రమున కలిసి, 1959లో చాందా జిల్లాకు వచ్చినది. అప్పటినుండి కచేరీ పనులకు చాందాయే (నేటి చంద్రపూర్) గతి.

అక్కడ కోటను చూచి సిగ్గుపడితిమి. మేము అడవివారని చిన్నచూపు చూచిన గోండులే దానికి రాజులు! మహాకాళి గుడి కట్టించినది గోండు రాణి హిరాయి; చైత్రపు జాతరలో అక్కడ మరాఠీతోపాటు మన తెలుగును వినబడును. సరిహద్దు మారుటకు పదహారు రోజుల ముందే, 1956 అక్టోబరు 16న, అంబేడ్కరుగారు ఆ ఊరిలోనే వేలమందికి బౌద్ధదీక్ష నిచ్చినారు. మా బడిపుస్తకములు ఇవి చెప్పలేదు. జాతరలో పక్కన కూర్చున్నవారు చెప్పినారు.