మాండలిన్‌పై గమకము

నూజివీడు మామిడితోటలకు దక్షిణముగా నున్న గుడివాడలో, 1978లో త్యాగరాజ ఆరాధనోత్సవమున, తొమ్మిదేండ్ల బాలుడొకడు మాండలిన్‌పై తొలి కచేరీ చేసెను. ఆతడే 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్.

జంటతీగెల ఆ విదేశవాద్యమున నాదము క్షణములో అణగిపోవును. గమకము పలికించుట దుర్ఘటము. పైగా, గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాద్యకులు కారు. ఆయన పాడెడివారు, ఆ పాటను తీగెపై వెదకికొనుట శిష్యుని పని. ఈ లోపమే వరమైనదని మేము తలంతుము: వ్రేళ్లు గాత్రమును అనుసరించినవి. ఎనిమిది తీగెలకు మారుగా ఐదు ఒంటితీగెల విద్యుత్ మాండలిన్‌ను శ్రీనివాస్ చేపట్టిరి.

అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతమునకై బెర్లిన్‌లో జరుగు ఉత్సవమున, 1983లో, వారు వినిపించినది కర్ణాటక సంగీతమునే! అనంతరము జాజ్ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందమున వాయించిరి. 2014 సెప్టెంబరు 19న, 45 ఏండ్లకే, చెన్నైలో పరమపదించిరి.