వందేమాతరానికి పడిన శిక్షలు

స్పానిష్‌లో ‘కస్తిగార్’ అనే క్రియ ఒకటుంది. అల్లరి పిల్లాణ్ణి గడప దాటనివ్వకపోవడమూ అదే, బడిలో దండించడమూ అదే, కోర్టు శిక్ష వేయడమూ అదే. ఇంగ్లిషులో చెప్పాలంటే సందర్భాన్ని బట్టి ‘గ్రౌండ్’, ‘డిసిప్లిన్’, ‘పనిష్’ అని వేరే వేరే మాటలు వాడాలి. ఆ ఒక్క మాటలో ఇమిడే రకరకాల శిక్షలు మన దగ్గరా పడ్డాయి. 1907 వేసవిలో గోదావరి జిల్లా కుర్రాళ్లు ఒక్క ‘వందేమాతరం’ కోసం కాలేజీ దండనా చూశారు, దొర చేతి దెబ్బలూ తిన్నారు.

ఆ ఏప్రిల్‌లో బెంగాల్ జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ఇంగ్లిషు ఉపన్యాసాలను కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం అప్పటికప్పుడు తెలుగులో వినిపించారు. వంగ విభజన మీద రగులుతున్న కోపం గోదావరి ఒడ్డుకు చేరింది. అక్కడి కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు అది క్రమశిక్షణ తప్పడంగానే కనిపించింది. ఎందరినో బయటికి పంపాడు. ట్రైనింగ్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావునూ తొలగించారు. సర్కారు ఉద్యోగానికి పనికిరాడని ముద్ర వేశారు. అప్పటికే ఎం.ఏ. పట్టా ఉన్న కర్నూలు యువకుడాయన. ఆ రోజుల్లో ఆ చదువుకు సర్కారు కొలువే దారి. హంటర్ ఆ దారే మూసేశాడు. దీన్ని మందలింపు అనడానికి నాకు నోరు రాదు.

మే నెలాఖరున కాకినాడలో ఇంకా ఘోరం జరిగింది. వందేమాతరం అన్నందుకు కోపల్లె కృష్ణారావు అనే బాలుణ్ణి జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ చావబాదాడు. వైద్యం చేయాల్సిన చేతులవి! ఆ రాత్రి జనం యూరోపియన్ల క్లబ్బు మీద విరుచుకుపడ్డారు.

కొలువు దారి మూసుకుపోయిన హరిసర్వోత్తమరావు కలం పట్టారు. బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపారు. 1908 మార్చిలో తిరునెల్వేలిలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపితే, విదేశీ ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోల్చి రాశారు. రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు 6 నెలలు వేసింది. హైకోర్టు ఆ శిక్షను 3 ఏళ్లకు పెంచింది. వేలూరు జైలులో ఆయన మామూలు ఖైదీల కష్టాలన్నీ పడ్డారు.

విడుదలయ్యాక ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు ముందు నిలిచారు. 1960లో కన్నుమూసేదాకా చదువు చెప్పే పని ఆయన వదల్లేదు.