ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 – 1899 జులై 24) గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆంగ్లేయ సైనిక ఇంజనీరు. గోదావరి జిల్లాల జనానికి ఆయన కాటన్ దొర. ఆయన పేరు చెబితే ముందు ధవళేశ్వరమే గుర్తుకొస్తుంది. అయితే నదికి కుడిగట్టున, విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరు వరకు సాగిన కాలువను చూడకపోతే ఆయన చేసిన పని సగమే అర్థమవుతుంది. ఆ కాలువ వల్ల ఏ ఊరు ఎలా మారిందో, చివరి మురుగంతా కొల్లేరు సరస్సులోకి ఎలా దిగిందో కూడా ఆయన కథలో భాగమే.

తొలి జీవితం

హెన్రీ కాల్వెలీ కాటన్ పదకొండుగురు కొడుకుల్లో ఆర్థర్ పదోవాడు. పదిహేనేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. 1821లో మద్రాసు వచ్చి కంపెనీ ఇంజనీర్ల దళంలో పనిచేశాడు. పాంబన్ జలమార్గం సర్వేలో పాల్గొన్నాడు, 1824–26 నాటి మొదటి బర్మా యుద్ధానికి వెళ్లాడు. ఆ యుద్ధం ముగిసిన రోజుల్లోనే ఆయన క్రైస్తవ విశ్వాసం గట్టిపడింది. చివరి వరకూ ఆయన మాటలో, రాతలో అది కనిపిస్తుంది.

ఆయనకు అసలైన చదువు కావేరి దగ్గర దొరికింది. చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట ఇసుక మీద నిలబడి ఉంది. కింద రాయి తగలని చోట అంత బరువు ఎలా ఆగిందో ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. లోతుగా పునాది తవ్వలేని నదిలో కూడా వదులు రాతిని పేర్చి, దిగువన వెడల్పైన రాతి పరుపు వేస్తే కట్టడం నిలుస్తుందని గ్రహించాడు. 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట కట్టించాడు. గోదావరిలోనూ అదే ఇసుక, అదే సమస్య. ధవళేశ్వరంలో వాడిన కిటుకు ఊరూపేరూ తెలియని తమిళ మేస్త్రీల చేతుల నుంచి వచ్చిందే.

జబ్బు పడి టాస్మానియా వెళ్లిన కాటన్ 1841లో అక్కడ ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్లాడాడు. తిరిగొచ్చాక విశాఖపట్నంలో సముద్రపు కోతను అడ్డుకునే పని చూశాడు. అక్కడి నుంచే గోదావరి వైపు వచ్చాడు.

నది పక్కనే ఆకలి

అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి దీనంగా ఉండేది. 1832–33లో తీవ్రమైన కరువు వచ్చింది. 1839లో తుపాను, ఉప్పెన తీరాన్ని ఊడ్చేశాయి. 1821లో 7,38,308 మంది ఉన్న జిల్లాలో 1841 నాటికి 5,61,041 మందే మిగిలారు. కొందరు చనిపోయారు, కొందరు ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. అదే కాలంలో ఏటా వరద నీళ్లు పొలాల పక్క నుంచే సముద్రంలోకి పోతుండేవి. వానాకాలంలో ముంచే నది ఎండాకాలంలో తాగడానికి కూడా అందేది కాదు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఈ దుస్థితిపై ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. కాటన్ డెల్టా అంతా తిరిగి ఆనకట్ట ప్రతిపాదన రాశాడు. ఈ నేల తంజావూరు లాంటిదేననీ, లోపించింది కట్టడం ఒక్కటేననీ ఆయన వాదన. 1846 చివర కంపెనీ డైరెక్టర్లు అనుమతి ఇచ్చారు.

ఆనకట్ట

1847లో పని మొదలైంది. నది లంకల మధ్య పాయలుగా చీలిన చోటు చూసి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. నాలుగూ కలిపి పొడవు 3,955 గజాలు, ఎత్తు 12 అడుగులు. ధవళేశ్వరం కొండల రాయిని పట్టాల మీద బళ్లలోనూ, పడవల్లోనూ చేరవేశారు. 1848లో కాటన్ ఆరోగ్యం దెబ్బతిని రెండేళ్లు దూరంగా ఉండాల్సి వచ్చింది. ఆ సమయంలో కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పని నడిపాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

దీన్ని ఒక్క మనిషి ఘనతగా చెప్పుకోవడం అలవాటైపోయింది. అది సరికాదు. కూలీలను కూడగట్టి, వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడి, పనిని ముందుకు నడిపిన స్థానిక ఉద్యోగి వీణెం వీరన్న. ప్రభుత్వం తర్వాత ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. ఆర్, హేగ్ లాంటి అధికారులూ, ఎండల్లో రాళ్లు మోసిన వేలమంది ఆడా మగా కూలీలూ ఈ కట్టడానికి సమాన హక్కుదారులే. కోనసీమకు నీరు తీసుకెళ్లిన గన్నవరం అక్విడక్టును హేగ్ దగ్గరుండి కట్టించాడు.

ఏలూరు కాలువ: మెట్టకూ పల్లానికీ గీత

కుడిగట్టున విజ్జేశ్వరం తలుపుల నుంచి బయల్దేరిన నీరు పడమటి డెల్టాలో కొమ్మలుగా చీలుతుంది. నరసాపురం వైపు, అత్తిలి వైపు, ఉండి వైపు పోయేవి పల్లానికి దిగిపోతాయి. ఏలూరు కాలువ మాత్రం డెల్టా ఉత్తరపు అంచునే పట్టుకుని, నేలమట్టాన్ని వదలకుండా పడమరకు నడుస్తుంది. కాలువ గట్టు మీద నిలబడి చూస్తే ఈ ఇంజనీరింగు కంటికి కనిపిస్తుంది. దక్షిణాన తూముల నుంచి బోదెల్లోకి, బోదెల నుంచి చేలలోకి నీరు తనంతట తాను జారుతుంది. ఉత్తరాన నేల మెల్లగా ఎత్తెక్కి మామిడి తోటలు, నిమ్మతోటలు, చెరువుల సాగు ఉన్న మెట్ట మొదలవుతుంది. ఒక గట్టున సార్వా ఊడ్పులు సాగుతుంటే, రెండో గట్టు మీది రైతు ఇంకా మబ్బు కోసం చూస్తుండేవాడు. పల్లపు సంబంధం, మెట్ట సంబంధం అని పెళ్లిళ్లలో కూడా తేడా చూసే అలవాటు ఈ గీత దగ్గరే వేళ్లూనుకుంది. కాలువ అన్నం పెట్టింది, దానితోపాటు ఒక అంతరాన్నీ గీసింది.

తాడేపల్లిగూడెం సరిగ్గా ఈ గీత మీదే ఉంది. మెట్ట సరుకు, డెల్టా ధాన్యం కలిసే చోటు కాబట్టే అది టోకు వ్యాపారానికి, బియ్యం మిల్లులకు పేరున్న ఊరైంది. అక్కడి ఉల్లిపాయల మార్కెట్ గురించి రాష్ట్రమంతటికీ తెలుసు. కాలువ ముందు, రైలు తర్వాత, రహదారి ఆ తర్వాత వచ్చాయి. మూడూ ఇంచుమించు ఒకే బారున నడుస్తాయి.

ఏలూరు కథ వేరు. పక్కనే పెదవేగిలో శాలంకాయనులు, ఆ తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి ఉంది. ఏలూరు ఉన్ని తివాచీల నేతకు పేరొందింది. అంటే కాలువ రాకముందే అది పాత ఊరు. అయినా కాలువ దాని స్థానాన్ని మార్చేసింది. 1852–55 మధ్య కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట లేచింది. అక్కడి నుంచి తూర్పుకు మరో ఏలూరు కాలువ వచ్చింది. గోదావరి ఏలూరు కాలువ, కృష్ణ ఏలూరు కాలువ ఏలూరులో కలుస్తాయి. రెండు నదుల నీళ్లు కలిసే పట్టణం అలా ఏర్పడింది. 1866లో ఏలూరుకు పురపాలక సంఘం వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అదే ముఖ్యపట్టణమైంది.

పడవల దారి

కాటన్ దృష్టిలో కాలువ అంటే నీటి దారి, సరుకు దారి రెండూను. అందుకే లాకులు కట్టించాడు. లాకు గదిలోకి పడవను పోనిచ్చి, తలుపులు మూసి, నీటిమట్టాన్ని పెంచో తగ్గించో అవతలి మట్టానికి చేరుస్తారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవ లాగేవారు. బియ్యం, కలప, తాటాకు, పెళ్లివారు, అందరూ ఆ దారినే పోయేవారు. 1877–78 కరువు పనుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం ఊపందుకుంది. అది పూర్తయ్యాక కాకినాడ నుంచి రాజమండ్రి, ఏలూరు, బెజవాడ మీదుగా మద్రాసు వరకు పడవలో వెళ్లే వీలు కలిగింది.

రైళ్ల మీద డబ్బు కుమ్మరించి నీటిని పట్టించుకోవడం లేదని కాటన్ జీవితాంతం పోరాడాడు. కరువు ప్రాంతానికి రైలు గింజలను మోసుకురాగలదు, కానీ పండించలేదు అన్నది ఆయన వాదన సారం. 1890ల్లో బెజవాడ–గోదావరి రైలు మార్గం రాగానే పడవలకు గిరాకీ తగ్గసాగింది. అయినా గింజల విషయంలో ఆయన మాటే నిజమైందని ఈ ప్రాంతపు రైతుకు వేరే రుజువు అక్కర్లేదు. ఏలూరు కాలువ 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగం.

1847: ఎడారిలో మరో కాలువ

ధవళేశ్వరంలో రాయి పడిన ఆ 1847లోనే, భూమికి అవతలి వైపు అమెరికాలోని ఉటాలో మోర్మన్ మతస్థులు సాల్ట్ లేక్ లోయకు చేరారు. జులై 23న ముందుగా వచ్చిన బృందం సిటీ క్రీక్ అనే వాగుకు అడ్డుకట్ట వేసి, ఎండిన నేలను తడిపి దున్నింది. మర్నాడు వాళ్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ అక్కడికి చేరాడు. జులై 24ను ఉటా ఇప్పటికీ మార్గదర్శకుల దినంగా జరుపుకుంటుంది. ఆ మతప్రచారకులు మన దాకా కూడా వచ్చారు. రిచర్డ్ బాలంటైన్ 1853లో మద్రాసులో దిగి ఏడాదిపాటు కరపత్రాలు అచ్చువేసి ప్రచారం చేశాడు. చేరినవారు కొద్దిమందే. తిరిగి వెళ్లాక అతను ఆగ్డెన్ పట్టణంలో స్థిరపడి కౌంటీ పాలనలో పెద్దమనిషి అయ్యాడు. అతను మద్రాసులో ఉన్నప్పటికి గోదావరి డెల్టాలో ఆనకట్ట నీరు పారుతోంది.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. ఉటాలో కాలువ తవ్వినవాళ్లు సొంత మతం, సొంత ఊరు కోసం తవ్వుకున్నారు, అక్కడే ఉండిపోయారు. పైగా ఆ నేల అంతకుముందు అక్కడి ఆదివాసులది. కాటన్ కట్టింది పరాయి ప్రభుత్వం తరఫున, ఆ ప్రభుత్వానికి శిస్తు పెరిగే పద్ధతిలో. గోదావరి డెల్టాలోనూ క్రైస్తవ ప్రచారం సాగుతుండేది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు వచ్చి నరసాపురం కేంద్రంగా పనిచేస్తుండేవి. దైవభక్తుడైన కాటన్‌కు నీళ్లివ్వడమే ఒక ధర్మకార్యం. ఆయన కాలువల నీరు ఎవరి మతమూ అడగలేదు. ఆయన పేరు ఇక్కడ అన్ని ఇళ్లలో నిలవడానికి కారణం అదేనని నా నమ్మకం.

కొల్లేరు

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దీన్ని నింపుతాయి. ఉప్పుటేరు ఒక్కటే దాన్ని సముద్రంలోకి వదిలే దారి. ఆనకట్టలకు ముందు ఇది వాన పడితే పొంగి, వేసవిలో ముడుచుకునే సరస్సు. కాలువలు వచ్చాక చేలలో మిగిలిన నీరు మురుగు కాలువల గుండా ఇటే చేరసాగింది. నీటిని తేవడానికి పెట్టిన శ్రద్ధ, దాన్ని బయటికి పంపడానికి పెట్టలేదు. డెల్టా కాలువల నిర్మాణంలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. 1960ల్లో మునకలు ఎక్కువయ్యాక మురుగు పారుదలపై మిత్రా కమిటీని వేయాల్సి వచ్చింది.

ఆ తర్వాతి నష్టం కాటన్ మీద వేయదగింది కాదు. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాయి. 1999లో +5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లను ప్రభుత్వం పగలగొట్టించింది. వలల మీద బతికే వడ్డి కులస్థులకూ, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవల్లో వచ్చే జనానికీ, ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతులకూ కావలసింది ఒకటే: ఉప్పుటేరు పూడకుండా ఉండడం.

చివరి దశ

1861లో కాటన్‌కు సర్ బిరుదు వచ్చింది. అప్పటికే ఉద్యోగ విరమణ చేశాడు. అన్నీ విజయాలే కావు. ఎగువ గోదావరిని పడవల దారిగా మార్చే పథకాన్ని 1871లో ఆపేశారు. ఆయన ప్రోత్సహించిన కర్నూలు–కడప కాలువ కంపెనీ దివాలా దారి పట్టింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. గంగ కాలువ తల తప్పుచోట పెట్టారంటూ దాన్ని కట్టించిన ప్రోబీ కాట్లీతో బహిరంగంగా తగవు పడ్డాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కటువైన ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. డెబ్బయి అయిదేళ్ల వయసులోనూ నదులను కలపాలన్న మాట మాత్రం వదల్లేదు.

1899 జులై 24న డోర్కింగ్‌లో కన్నుమూశాడు. కుమార్తె లేడీ హోప్ మరుసటి ఏడాది ఆయన జీవిత చరిత్ర ప్రచురించింది.

పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజి 1982లో పూర్తయింది. దానికి కాటన్ పేరే పెట్టారు. గోదావరి స్నానంలో ఆయన్ను భగీరథుడిగా స్మరించే సంస్కృత శ్లోకం పురోహితుల నోట వినబడుతుంది. విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఆయన పుట్టినరోజు మే 15న దండలు వేసే వేళకు మామూలుగా కాలువలు కట్టేసి ఉంటాయి. గుర్రపుడెక్క తీసే కూలీలు, షట్టర్లకు మరమ్మతు చేసే పనివాళ్లు ఎండిన కాలువ అడుగున కనిపిస్తారు. జూన్‌లో విజ్జేశ్వరం తలుపులు ఎత్తాక ఏలూరు కాలువ చివరి తూముకు నీరు చేరిందా లేదా అన్నదే ఆ తర్వాత అందరూ అడిగే మాట.