మౌంట్ రోడ్డు నుంచి ట్యాంక్‌బండ్ దాకా

1857 తిరుగుబాటులో అలహాబాదు చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లు తగలబెట్టించినవాడు, కాన్పూరులో ఖైదీల చేత నేలమీది నెత్తురు నాకించి మరీ ఉరి తీయించినవాడు జేమ్స్ నీల్. మద్రాసు ఫ్యూజిలీర్ల అధికారి. ఆ ఏడాదే లక్నోలో చనిపోయాడు. అలాంటివాడికి మద్రాసు మౌంట్ రోడ్డు మీద కంచు విగ్రహం పెట్టారు. 1927లో కుర్రాళ్లు సుత్తులూ గొడ్డళ్లూ పట్టుకుని దాని మీదికి వెళ్లి జైలుపాలయ్యారు. నీల్ సత్యాగ్రహం అంటే అదే. అహింస తప్పకూడదన్న షరతుతో గాంధీజీ మద్దతిచ్చారు. పదేళ్ల తర్వాత, 1937లో, రాజాజీ ప్రభుత్వం విగ్రహాన్ని దింపించింది. మన ప్రకాశం పంతులు, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి ఆ మంత్రివర్గంలోని వారే. నీల్ చివరికి ఎగ్మూరు మ్యూజియం చేరాడు. విగ్రహం తీసేస్తే చరిత్ర చెరిగిపోతుందని వాదించేవాళ్లు ఈ ఒక్క ఉదంతం చూస్తే చాలు. నడిరోడ్డున నిలబడి ఉన్నన్నాళ్లూ నీల్ వీరుడు. దింపాలని జనం పట్టుబట్టాకే ఆయన చేసిన పనులు ఊరంతటికీ తెలిశాయి.

కలకత్తాలో హాల్‌వెల్ స్మారకం కథ ఇంకా ముదురు. చీకటి కొట్టులో సిరాజుద్దౌలా మనుషులు 123 మందిని ఊపిరాడక చచ్చేట్టు చేశారని చెప్పినవాడు హాల్‌వెల్. ఆ లెక్కను తర్వాతి చరిత్రకారులు చాలామంది నమ్మలేదు. తన లెక్కకు తానే స్తంభం కట్టించుకున్నాడాయన. కాలక్రమంలో అది పోతే, 1902లో కర్జన్ పాలరాతితో మళ్లీ నిలబెట్టాడు. దాన్ని తీసేయాలని 1940 జులైలో ఉద్యమానికి దిగబోతూ సుభాష్ బోస్ అరెస్టయ్యారు. జైలు నుంచి ఇంటి నిర్బంధానికి, అక్కడి నుంచి 1941 జనవరిలో దేశం దాటడానికి దారి తీసింది ఆ అరెస్టే. స్తంభాన్ని మాత్రం 1940లోనే సెయింట్ జాన్ చర్చి ఆవరణలోకి మార్చారు.

స్వాతంత్ర్యం వచ్చాక విగ్రహాలన్నీ ఒక్క రోజులో కూలలేదు. 1957లో, తిరుగుబాటుకు నూరేళ్లు నిండిన సందర్భంలో, ఈ గొడవ లోక్‌సభకెక్కింది. చరిత్ర కోసం ఉంచదగినవి కొన్ని, కళ కోసం ఉంచదగినవి కొన్ని, మనసు నొప్పించేవి కొన్ని అని నెహ్రూ విడదీసి, నొప్పించేవి ముందు తీస్తామన్నారు. సోషలిస్టులకు ఆ నిదానం నచ్చలేదు. నాకైతే నచ్చింది. 1857 నాటి కంపెనీ సేనాని నికల్సన్‌కు ఢిల్లీలో ఉన్న విగ్రహం సముద్రం దాటి ఉత్తర ఐర్లండులో ఆయన చదివిన బడికి చేరింది. కావాలన్నవాళ్లకు ఇచ్చేయడం కంటే మర్యాదైన పరిష్కారం ఏముంటుంది? ఇండియా గేటు దగ్గరి అయిదో జార్జి 1968లో దిగి కొరోనేషన్ పార్కుకు వెళ్లిపోయాడు. ఆయన నిలబడ్డ ఛత్రం అర్ధశతాబ్దానికి పైగా ఖాళీగా ఉండిపోయింది. 2022లో అందులోకి వచ్చింది నేతాజీ. ఆ విగ్రహానికి 280 టన్నుల గ్రానైట్ బండ మన ఖమ్మం నుంచి 140 చక్రాల లారీ మీద వెళ్లింది.

లండన్‌లో మాత్రం క్లైవ్ ఇంకా విదేశాంగ కార్యాలయం పక్కన నిలబడే ఉన్నాడు. 1765లో మొగలు పాదుషా నుంచి మన ఉత్తర సర్కారులను కంపెనీకి రాయించుకున్నవాడే. 2020లో బ్రిస్టల్ జనం బానిస వర్తకుడు కోల్‌స్టన్‌ను రేవులోకి తోసినప్పుడు క్లైవ్ మీదా చర్చ లేచి, చల్లారింది.

దొరలందరినీ మనవాళ్లు ఒకే గాట కట్టలేదు. నీల్ దిగిన మద్రాసులోనే థామస్ మన్రో గుర్రం మీద కూర్చుని నేటికీ ఉన్నాడు. 1800లో దత్త మండలాలకు వచ్చి, రైతుతో నేరుగా శిస్తు లెక్క తేల్చి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మనిషి. సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. అయితే పాళెగాళ్ల వెన్ను విరిచిందీ ఆయనే. ఆ పాళెగాళ్ల వంశంలో పుట్టి, తిరగబడి, 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డినీ సీమ కొలుస్తుంది. ఇద్దరినీ కొలవడంలో సీమవాళ్లకు ఇబ్బంది కనిపించలేదు. పండితులకే కనిపిస్తుంది.

ఆర్థర్ కాటన్‌దీ అలాంటి కథే. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినందుకు గోదావరి డెల్టాలో ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు. కానీ అదే కాటన్ దొర 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ నాడు, హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద కూలిన విగ్రహాల్లో ఒకడయ్యాడు. ఎన్టీఆర్ హయాంలో వరసగా పెట్టించిన ముప్పై మూడు విగ్రహాలవి. పోతన, రుద్రమ, సురవరం, మఖ్దూం ఉన్నారు గానీ తమవాళ్లు బహు కొద్దిమందేనన్నది తెలంగాణ వాదుల కోపం. శ్రీశ్రీ, జాషువా విగ్రహాల మీద కూడా దెబ్బ పడటం మాత్రం నేటికీ మింగుడుపడదు. వాళ్లు ఎవరినీ ఏలినవాళ్లు కారు. అయినా ఆ కోపం కవుల మీద కాదు, వరస ఎవరు రాశారన్నదాని మీద. గోదావరి జిల్లాలో అన్నం పెట్టిన కాటన్, హుస్సేన్‌సాగర్ గట్టున తమకు రాని నీళ్లకు గుర్తు. కూలిన విగ్రహాలను ప్రభుత్వం మళ్లీ నిలబెట్టింది. తర్వాత కొమరం భీం విగ్రహం కూడా ఆ గట్టు మీదికి వచ్చింది.