సిజేరియన్ కాన్పు: కడప సీమ తల్లులు, ఒక శస్త్రచికిత్స చరిత్ర

పొట్టను, గర్భసంచిని కోసి బిడ్డను బయటికి తీసే శస్త్రచికిత్స సిజేరియన్. తెలుగు పల్లెల్లో దీన్ని పెద్దాపరేషన్ అంటారు. కాన్పు కబురు అందగానే ఆడబిడ్డా మగబిడ్డా అని అడిగిన నోటితోనే మామూలు కాన్పా ఆపరేషనా అని అడగడం ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ మామూలే. ఒకప్పుడు తల్లి ప్రాణం మీదికొస్తే తప్ప తలపెట్టని ఈ చికిత్స ఇప్పుడు రోజువారీ పని. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఇలాగే జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. కత్తి, కుట్టు, మత్తుమందు వందేళ్లలో పూర్తిగా మారిపోయాయి. ఆపరేషన్ అయిన బాలింతను ఇంట్లో చూసుకునే పద్ధతి మాత్రం చాలావరకు మామూలు కాన్పుల కాలం నాటిదే. ఈ చరిత్రలో తల్లుల కష్టమంతా ఆ రెంటి నడుమే ఉంది.

తొలి ప్రస్తావనలు

గర్భిణి చనిపోయి, కడుపులో బిడ్డ ఇంకా కదులుతుంటే వైద్యుడు ఆలస్యం చేయకుండా పొట్ట కోసి బిడ్డను తీయాలని సుశ్రుత సంహిత చెబుతుంది. చనిపోయిన గర్భిణిని బిడ్డను తీయకుండా పాతిపెట్టకూడదన్న కట్టడి ప్రాచీన రోమ్‌లోనూ ఉండేది. సిజేరియన్ అన్న పేరును బట్టి, జూలియస్ సీజర్ ఈ పద్ధతిలో పుట్టాడని చెప్పే కథ నిలవదు. అతను పెద్దవాడయ్యేదాకా తల్లి ఆరేలియా బతికే ఉంది. ఆ రోజుల్లో పొట్ట కోశాక తల్లి బతకడమన్నది దాదాపు లేదు.

తల్లిని కూడా బతికించే మార్గం 19వ శతాబ్దంలో దొరికింది. 1847లో జేమ్స్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫామ్ వాడాడు. 1860లలో జోసెఫ్ లిస్టర్ గాయాల్లో చీము పట్టకుండా క్రిమినాశక పద్ధతి తెచ్చాడు. అయినా గర్భసంచి కోతను కుట్టకుండా వదిలేయడంతో రక్తం పోయి తల్లులు చనిపోయేవారు. 1876లో ఇటలీ వైద్యుడు ఎడ్వార్డో పోరో బిడ్డతో పాటు గర్భసంచినీ తీసేసి రక్తస్రావాన్ని ఆపాడు. 1882లో జర్మన్ వైద్యుడు మాక్స్ సేంగర్ గర్భసంచిని పొరలుపొరలుగా కుట్టే పద్ధతి ప్రకటించాడు. గర్భసంచి మిగిలింది, మళ్లీ బిడ్డను కనే అవకాశమూ మిగిలింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఈనాడు ప్రొద్దుటూరులోనైనా లండన్‌లోనైనా ఎక్కువగా వేసేది ఆ అడ్డకోతే.

మత్తుమందు చరిత్రలో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888, 1889లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ఆ కాలంలో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివి, రోగులకు క్లోరోఫామ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు.

మిషన్ ఆసుపత్రులు

తెలుగు జిల్లాల్లో ఆడవాళ్ల వైద్యం చాలాచోట్ల మిషన్ ఆసుపత్రులతోనే మొదలైంది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా కూగ్లర్ పని 1898 నాటికి స్త్రీల ఆసుపత్రిగా ఎదిగింది. కడప జిల్లాలో లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు టి.వి. క్యాంప్‌బెల్ 1890లలో జమ్మలమడుగులో వైద్యం మొదలుపెట్టాడు. అదే తర్వాత క్యాంప్‌బెల్ ఆసుపత్రి అయింది. జమ్మలమడుగు, పెద్దముడియం, ముద్దనూరు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని జనం అక్కడికే వచ్చేవారు.

కాన్పు కేసులు ఆ కాలపు ఆసుపత్రులకు చివరి ఘడియలో వచ్చేవి. బిడ్డ అడ్డం తిరిగి, మంత్రసాని చేయి విడిచాక, రెండు మూడు రోజులు నొప్పులు పడి సొమ్మసిల్లిన తల్లిని తెచ్చేవారు. అప్పటికే లోపల చీము చేరి ఉంటే సిజేరియన్ చేయడం తల్లికి మరింత ప్రమాదం. అందుకే కడుపులో బిడ్డ తల చిదిమి బయటికి తీసి తల్లిని దక్కించుకోవడం అప్పటి వైద్యంలో భాగంగా ఉండేది. పురుష వైద్యుడు తాకకూడదన్న కట్టుబాటు వల్ల ఆసుపత్రి గడప తొక్కని కుటుంబాలూ ఎన్నో.

అప్పట్లో కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పెద్ద కేసు అంటే మద్రాసు ఎగ్మూరులోని స్త్రీల ఆసుపత్రే దిక్కు. అక్కడ పేరు తెచ్చుకున్న ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ కర్నూలులో పుట్టినవాడు. 1938లో వెలువడిన ఆయన ప్రసూతి వైద్య గ్రంథం తరతరాల వైద్య విద్యార్థులకు పాఠ్యపుస్తకం. సల్ఫా మందులు, పెన్సిలిన్, రక్తం ఎక్కించే ఏర్పాట్లు వచ్చాకనే సిజేరియన్ నిజంగా తల్లికి భరోసా ఇచ్చే చికిత్సగా మారింది.

మంత్రసాని చేతి నుంచి నర్సింగ్ హోమ్‌కు

స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్లకు కూడా పల్లెల్లో కాన్పులు ఇంట్లోనే అయ్యేవి. కుందూ నది ఒడ్డున ఉన్న నల్లరేగడి సీమ పెద్దముడియం. వాగులూ వంకలూ పొంగితే బండి కదలదు. రోడ్లు, బస్సులు వచ్చాక, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లు వెలిశాక కాన్పు ఊరు దాటింది. 2005లో ఆసుపత్రి కాన్పుకు నగదు సాయమిచ్చే జననీ సురక్ష యోజన, అదే ఏడాది ఆగస్టు 15న 108 అంబులెన్సులు వచ్చాయి. 2006లో కడపలో రిమ్స్ వైద్య కళాశాల ఏర్పడింది. ఐదో సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సిజేరియన్ చేయరు. దానికి శస్త్రచికిత్స గది, మత్తు డాక్టరు, రక్తం అన్నీ ఒకచోట ఉండాలి. కాబట్టి పెద్దముడియం మండలంలో నొప్పులు మొదలైన తల్లి జమ్మలమడుగుకో, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, అక్కడా కాదంటే కడపకో వెళ్లాలి. దారి ఖర్చు, తోడు వచ్చే మనుషులు, అర్ధరాత్రి ఆటో దొరుకుతుందా లేదా అన్న దిగులు ఉన్నాయి కాబట్టి, నొప్పుల కోసం ఎదురుచూడకుండా ముందే తేదీ ఖాయం చేసుకోవడం చాలా కుటుంబాలకు తేలికైన దారిగా తోస్తుంది.

అంకెలు చెప్పేది

ఆంధ్రప్రదేశ్‌లో ఐదో సర్వే నాటికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్లు 26.6 శాతం, ప్రైవేటులో 63 శాతం. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. ఒకే రాష్ట్రపు తల్లులు, ఒకే తిండి, ఒకే రకం శరీరాలు. ఎక్కే గడపను బట్టి కాన్పు తీరు మారిపోతోంది.

1985లో బ్రెజిల్‌లోని ఫోర్తలేజా నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన సమావేశం 10 నుంచి 15 శాతం దాటడానికి వైద్యపరమైన కారణం కనిపించదంది. 2015లో ఆ సంస్థే మాట సవరించింది. ఫలానా శాతం అని గీత గీయడం కన్నా అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందడం ముఖ్యమంది. తల్లులను పది వర్గాలుగా విడదీసి చూసే రాబ్సన్ పద్ధతిని అన్ని ఆసుపత్రులూ పాటించాలని సూచించింది. తొలి కాన్పా, ముందు ఆపరేషన్ అయిందా, నొప్పులు వాటంతట అవే వచ్చాయా, బిడ్డ తల కిందికి ఉందా వంటి అంశాలను బట్టి ఆ వర్గాలు ఏర్పడతాయి.

కారణాలు ఒకటి రెండు కావు. డాక్టరుకు గంటల తరబడి కాచుకునే తీరిక ఉండదు. ఏమైనా జరిగితే బంధువుల గొడవకు భయం. నొప్పుల సమయంలో పక్కనే నిలబడే శిక్షణ పొందిన నర్సులు తక్కువ. ఆపరేషన్‌కు బిల్లు ఎక్కువ. కుటుంబాల వైపు నుంచి ముహూర్తం. మంచి నక్షత్రం చూసి, పంచాంగంలో గంట రాయించుకుని వచ్చేవాళ్లను వారించడం వైద్యులకు నిత్యం ఎదురయ్యే పని.

ఆపరేషన్ గదిలో

ఇప్పుడు ఎక్కువ సిజేరియన్లు వెన్నుకు మత్తు సూది ఇచ్చి చేస్తారు. నడుము కింద మొద్దుబారుతుంది, తల్లి మెలకువగానే ఉంటుంది. కోత నొప్పి తెలియదు, లాగుతున్నట్టు, పొట్ట మీద ఒత్తుతున్నట్టు తెలుస్తుంది. ఒళ్లంతా వణుకు వస్తుంది. అది మత్తుకు, చలికి వచ్చేదని ముందే చెప్పకపోతే తల్లి హడలిపోతుంది. బిడ్డ ఏడుపు విన్నాక ఓ క్షణం ముఖం చూపించి తీసుకెళ్తారు.

నొప్పుల మధ్యలో అనుకోకుండా ఆపరేషన్‌కు వెళ్లిన తల్లుల అనుభవం వేరు. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిందనో, లోపలే విరేచనం అయిందనో చెబుతారు. భర్త సంతకం పెడతాడు, స్ట్రెచర్ కదులుతుంది. తనకేం జరుగుతోందో తల్లికి చెప్పే మనిషి ఉండడు. బతికి బయటపడ్డామన్న ఊరటతో పాటు తన ప్రమేయం లేకుండా అంతా జరిగిపోయిందన్న కొరత చాలామందిలో మిగులుతుంది. నొప్పులు పడకుండా కన్నదన్న మాట అత్తింటి నుంచో ఇరుగుపొరుగు నుంచో వినపడితే ఆ కొరత ఇంకా పెరుగుతుంది.

మత్తు దిగాక అసలు నొప్పి మొదలవుతుంది. పక్కకు తిరగడం, దగ్గడం, నవ్వడం కూడా కష్టమే. మూత్రపు గొట్టం తీసి మొదటిసారి లేచి నిలబడ్డప్పుడు కళ్లు తిరుగుతాయి. అయినా ఆ నడకను 24 గంటల్లోపే మొదలుపెట్టాలంటారు. కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది అదే. ఒకప్పుడు కడుపులో గాలి కదిలేదాకా నోటికి ఏమీ ఇచ్చేవారు కాదు. ఇప్పుడు ఇబ్బందేమీ లేకపోతే కొన్ని గంటల్లోనే నీళ్లు, జావ ఇస్తున్నారు.

ముర్రుపాలకు ఆలస్యం జరిగేది కూడా ఇక్కడే. ఐదో సర్వే నాటికి, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 52 శాతం, తెలంగాణలో 37.1 శాతం. తల్లి పడుకునే, బిడ్డను పక్కన పెట్టుకుని పాలివ్వొచ్చు. చూపించే చేయి ఒకటి పక్కన ఉంటే చాలు.

ఇంట్లో బాలింత

తొలి కాన్పు పుట్టింట్లో చేయడం కడప సీమలో ఇప్పటికీ ఆచారం. సిజేరియన్ తల్లికి ఇది పెద్ద వరం. బరువులెత్తే పని, వంట, నీళ్లు మోయడం తప్పుతాయి. అమ్మ, అవ్వ, పిన్నమ్మలు బిడ్డను అందుకుంటారు. గాయం లోపల గట్టిపడటానికి పట్టే ఆరు వారాలు ఆమెకు ఎవరి అనుమతీ అడగక్కర్లేకుండా దొరుకుతాయి.

అదే ఇంట్లో పథ్యం కూడా ఉంటుంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, బెల్లం, నెయ్యితో చేసిన కాయం, తెల్లగడ్డల కారంతో అన్నం, చెవుల్లో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి పొగ. వీటిలో చాలావాటితో హాని లేదు. నీళ్లు తక్కువ తాగమనడం, పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని మాన్పించడం మాత్రం ఆపరేషన్ అయిన ఒంటికి నష్టం. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పాలకు, మలబద్ధకం రాకుండా ఉండటానికి నీళ్లు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో సర్వే తేల్చింది. రక్తం తక్కువున్న తల్లికి కోతలో ఇంకా కొంత పోయాక కారమన్నంతో సరిపెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. పొట్ట మీద కాగిన నీళ్లు కొట్టి పోసే బాలింత స్నానం కూడా పచ్చి కుట్ల మీద పనికిరాదు.

నడుం నొప్పి వస్తే వెన్ను సూది వల్లే అని దాదాపు ప్రతి తల్లీ అంటుంది. సూది వేసిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, లేచి కూర్చుంటే తలనొప్పి రావడమూ కొందరికి నిజమే. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి మాత్రం ఆ సూది కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భంలో వదులైన కీళ్లు, బలహీనపడిన పొట్ట కండరాలు, వంగి పాలివ్వడం వంటివి అసలు కారణాలు. కోత చుట్టూ తిమ్మిరి నెలల తరబడి ఉండటం మామూలే. జ్వరం, కుట్ల నుంచి రసి, దుర్వాసన, ఒక కాలికే వాపు, ఆగని రక్తస్రావం కనిపిస్తే మాత్రం పథ్యాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

కూలికి పోయే తల్లికి ఆరు వారాల విశ్రాంతి ఎవరిస్తారన్నది మరో ప్రశ్న. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. శనగ చేలల్లో, పత్తి చేలల్లో పనిచేసేవారికి అది వర్తించదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్‌ను ఉచితం చేసింది, ఏడు రోజుల దాకా భోజనం కూడా పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా పథకం కింద తొలుత సహజ కాన్పుకు 5,000 రూపాయలు, సిజేరియన్‌కు 3,000 రూపాయలు ఇచ్చారు. కోతలను తగ్గించాలన్న ఆలోచన అది. కానీ ఎక్కువ రోజులు పనికి దూరమయ్యే తల్లికే తక్కువ సొమ్ము వచ్చింది. తర్వాత రెంటికీ 5,000 చేశారు.

రెండో కాన్పు

ఒకసారి ఆపరేషన్ అయితే ఇక ఎప్పుడూ ఆపరేషనే అన్నది ఊళ్లో స్థిరపడిన నమ్మకం. చాలా ఆసుపత్రుల్లో జరిగేదీ అదే. గర్భసంచి కింది భాగంలో అడ్డకోత వేసిన తల్లుల్లో మామూలు కాన్పుకు ప్రయత్నించినవారిలో 60 నుంచి 80 శాతం మందికి అది సాధ్యమవుతుంది. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. ప్రమాదం చిన్నదే, కానీ జరిగితే నిమిషాల్లో ఆపరేషన్ చేయగలిగిన చోటే ఆ ప్రయత్నం చేయాలి. మరోవైపు కోతలు పెరిగేకొద్దీ మావి పాత మచ్చకు అతుక్కుపోయి విపరీతంగా రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఐదో సర్వే నాటికి వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. రెండో సిజేరియన్‌లోనే అది కూడా చేయించేయడం ఇక్కడ వాడుక. ఇద్దరితో చాలనుకునే ఇంట్లో రెండోసారి మామూలు కాన్పు ప్రయత్నం అన్న మాటే రాదు.

మామూలు కాన్పులు పెంచడానికి తెలంగాణ 2017లో కరీంనగర్‌లో, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో, నర్సులకు ప్రసూతి సహాయంలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. నొప్పులు పడే తల్లి పక్కన కూర్చుని, నడిపించి, ధైర్యం చెప్పి, ప్రమాదం కనిపిస్తేనే డాక్టరును పిలవడం ఈ మిడ్‌వైఫ్‌ల పని. శిక్షణ పూర్తిచేసినవారిని ప్రభుత్వ ఆసుపత్రుల్లో నియమించారు.

కడప జిల్లా తల్లికి వెంటనే పనికొచ్చేది డిశ్చార్జి కాగితం. ఆపరేషన్ ఎందుకు చేశారు, గర్భసంచి మీద కోత అడ్డమా నిలువా, రక్తం ఎంత పోయింది అన్నవి అందులో ఉండాలి. చర్మం మీది మచ్చను చూసి లోపలి కోత చెప్పలేరు. మొదటి కాన్పు ప్రొద్దుటూరులో అయి, రెండోది అత్తింటి ఊరి దగ్గరో బెంగళూరులోనో జరిగేటప్పుడు, మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా లేదా అని డాక్టరు తేల్చేది ఆ వివరాలను చూసే.