తన రోగి ఎవరు? : కృష్ణపట్నం మందు – చట్టపు మినహాయింపు

కర్మాగారంలో తయారైన మాత్ర అందరికీ ఒకే కొలతలో వస్తుంది. ఒక్కొక్క రోగికి తగిన మోతాదులో మందు కలిపి ఇవ్వడం అంతకన్నా పాత పద్ధతి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు డిస్పెన్సరీలలో ఆ పని కాంపౌండరుది. వైద్యుడి చీటీ చూసి మిక్చరు కలిపి, మోతాదుల గుర్తులు కత్తిరించిన కాగితం సీసాకు అంటించి ఇచ్చేవాడు. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను ఈ పనిని నమోదైన ఫార్మసిస్టుకు పరిమితం చేసింది.

ఆయుర్వేద వైద్యుని కల్వానికి వర్తించిన నియమం వేరు. 1940 నాటి ఔషధ చట్టంలో 1964 సవరణ దేశీయ ఔషధాలకు ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చింది. 1982 సవరణతో వచ్చిన 33ఈఈసీ సెక్షను లైసెన్సు లేకుండా వాటిని అమ్మకానికి తయారు చేయడాన్ని నిషేధిస్తూనే, తమ సొంత రోగుల కోసం మందు చేసుకునే వైద్యులకు, హకీములకు మినహాయింపునిచ్చింది. ఈ మినహాయింపు శాస్త్రానికి దూరమైనదేమీ కాదు. మోతాదుకు స్థిరమైన కొలత లేదనీ, కాలం, జఠరాగ్ని, వయస్సు, బలం, ప్రకృతి, దోషం, దేశం చూసి దానిని నిర్ణయించాలనీ శార్ఙ్గధర సంహిత చెబుతుంది. అంటే రోగిని చూడనిదే మోతాదు లేదు.

నెల్లూరు తీరంలో ముత్తుకూరు మండలానికి చెందిన కృష్ణపట్నంలో 2021 మే నెలలో ఈ నియమానికి ఊహించని పరీక్ష ఎదురైంది. బొణిగి ఆనందయ్య కరోనాకు ఇస్తున్న మందు కోసం వేలాదిమంది తరలిరావడంతో మే 21న పంపిణీ నిలిచిపోయింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా సంస్థ నివేదిక వచ్చాక, మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు మినహా పంపిణీకి అనుమతించింది. మందు వల్ల హాని కనబడలేదనీ, కరోనా తగ్గుతుందనడానికి ఆధారం కూడా లేదనీ ఆ నివేదిక సారం. వైద్యులు రాసిన మందులు మానరాదని ప్రభుత్వం హెచ్చరించింది. జూన్ 7న పంపిణీ మళ్లీ మొదలైంది.

నాటి చర్చ అంతా మందు పనిచేస్తుందా లేదా అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ ప్రశ్న ముఖ్యమైనదే. కానీ అంతకు ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ వరుసలో నిలబడినవారు ఎవరి రోగులు? వైద్యుడు నాడి పట్టి చూడనివారిని చట్టం ఉద్దేశించిన సొంత రోగులుగా లెక్కించడం కష్టం. పైగా కరోనా సోకినవారు స్వయంగా రాకుండా బంధువులను పంపాలని ప్రభుత్వమే షరతు పెట్టింది. అంటువ్యాధిని ఆపడానికి అది అవసరమైన షరతు. మినహాయింపుకు ఆధారమైన ముఖాముఖి సంబంధాన్ని తెంచింది కూడా అదే.

కంటి చుక్కల సంగతి దీనికి భిన్నం. తేనె, ముళ్ల వంకాయ, తోక మిరియాలతో వాటిని చేస్తారని పత్రికలు రాశాయి. నోటి మందులోని సూక్ష్మజీవులను జీర్ణకోశం కొంతవరకు తట్టుకోగలదు, కన్ను తట్టుకోలేదు. అందుచేత కంటిలో వేసే ఏ మందుకైనా సూక్ష్మజీవరహితత తప్పనిసరి. రోగి సొంతవాడైనా, బాటసారి అయినా ఆ అవసరం మారదు.